తారుమారైందా? తారుమారు చేశారా?

మన నివేదికల్లో, కరపత్రాల్లో, కలెక్టరుకూ ఎస్పీకీ ఇచ్చే వినతిపత్రాల్లో తరచుగా కనిపించే మాట ఒకటుంది: తారుమారు. "సాక్ష్యాలు తారుమారయ్యాయి", "రికార్డులు తారుమారయ్యాయి", "వాంగ్మూలం తారుమారైంది". ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు దీన్నే టాంపరింగ్ అంటున్నారు. ఇన్ని సమస్యలు మీద పడుతుంటే ఒక మాట గురించి సంపాదకీయమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ మాటను మనం ఎలా వాడుతున్నామన్న దాన్నిబట్టే ఒక్కోసారి కేసు నిలబడుతోంది, ఒక్కోసారి కూలిపోతోంది. అందుకే ఈసారి దీని గురించే రాస్తున్నాను.

తెలుగులో తారుమారు అన్నమాటలో మొదటినుంచీ మోసం లేదు. సంతలో సంచులు తారుమారవుతాయి. పెళ్లింట్లో చెప్పులు తారుమారవుతాయి. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి రావడం, వరస తప్పడం, తలకిందులు కావడం, ఇంతే దాని అర్థం. దీనికి దురుద్దేశం అక్కర్లేదు, మనిషి చెయ్యి కూడా అక్కర్లేదు. గాలివాన వచ్చినా కాగితాలు తారుమారవుతాయి. ఇంగ్లీషు మాట సంగతి వేరు. టాంపర్ అన్నమాట పుట్టింది బంకమట్టిని పిసికి కలిపే పని నుంచి. మట్టిలో చెయ్యి పెట్టడం అన్న అర్థం నుంచి, తనది కాని విషయంలో వేలు పెట్టడం, అక్కడి నుంచి దొంగతనంగా మార్చడం అన్న అర్థాలకు వచ్చింది. అంటే ఆ మాటలో చెయ్యి ఉంది. ఆ చేతికి ఒక మనిషి ఉన్నాడు. మనం దాన్ని తారుమారు అని తెనిగించి, పైగా "తారుమారైంది" అని రాసేసరికి ఆ చెయ్యి కాస్తా మాయమైపోతోంది.

మన భాషలో ఆ చేతిని చూపించే మాట లేక కాదు. "మసిపూసి మారేడుకాయ చేశాడు" అంటాం. మసి పూసినవాడు ఒకడున్నాడు, లేనిదాన్ని ఉన్నట్టు చూపించాలన్న ఉద్దేశం ఉంది. మసి దానంతటదే అంటుకుని మారేడుకాయ అయిపోయిందని ఎవరూ అనరు. మన పల్లెటూరి ఆడవాళ్లు ఇంత స్పష్టంగా మాట్లాడుతుంటే, చదువుకున్న మనం రాసే కాగితాల్లో మాత్రం అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి.

2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాళ్లు బంతిని గరుకు కాగితంతో రుద్దుతూ దొరికిపోయారు. దాన్ని బాల్ టాంపరింగ్ అన్నారు. అప్పుడు ఏ పత్రికా "బంతి తారుమారైంది" అని రాయలేదు. రుద్దింది ఎవరు, రుద్దమని చెప్పింది ఎవరు, తెలిసి ఊరుకున్న కెప్టెన్ ఎవరు అన్నది ప్రపంచమంతా చర్చించింది. కెప్టెన్‌నీ వైస్ కెప్టెన్‌నీ ఏడాదిపాటు ఆట నుంచి బహిష్కరించారు. ఒక తోలుబంతి విషయంలో ఇంత కచ్చితంగా ఉన్న భాష, ఒక ఆడపిల్ల ఒంటిమీది గాయాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఇంత మెత్తబడిపోతుంది?

ఈ కర్త లేని భాష మనకు కొత్త కాదు. "స్టవ్ పేలింది." ఈ రెండు మాటల కింద ఎంతమంది కోడళ్ల చావులు కప్పబడ్డాయో 1980లలో పనిచేసిన మన పెద్దవాళ్లను అడగండి. స్టవ్ పేలుతుంది, చీరకు నిప్పు అంటుకుంటుంది, మనిషి కాలిపోతుంది. వాక్యంలో ఎక్కడా ఇంకో మనిషి లేడు. ఆ వాక్యాన్ని నమ్మమని నిరాకరించి, స్టవ్ చూపించమని, గది తలుపు బయట గడియ ఎందుకుందో చెప్పమని అడిగినవాళ్లు ఉద్యమంలోని ఆడవాళ్లే. పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోతే శవాన్ని పోస్టుమార్టంకు పంపాలన్న సవరణ 1983లో, వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన 304-బి సెక్షను 1986లో వచ్చాయి. ఏదీ ఊరికే రాలేదు. "పేలింది" అన్నమాటను "పేల్చింది ఎవరు?" అన్న ప్రశ్నగా మార్చినందుకు వచ్చాయి.

తారుమారు అంటే కాగితం దిద్దడం, వస్తువు మాయం చేయడం మాత్రమే అనుకుంటే మనం సగమే చూస్తున్నట్టు. దీనికి చాలా రూపాలున్నాయి. మనకు బాగా తెలిసిన కేసులనే తీసుకుందాం.

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగింది. పోలీసుల దెబ్బలకు ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కానీ ఆ విచారణ పొడుగునా పోలీసుల తరఫున జరిగిన ప్రయత్నం ఏమిటి? ఆమె వేశ్య అనీ, ఆమె పెళ్లి పెళ్లే కాదనీ నిరూపించడానికి సాక్షుల్ని తెచ్చి నిలబెట్టారు. అక్కడ దిద్దబూనింది కాగితాన్ని కాదు, ఒక మనిషి బతుకుని. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. అత్యాచారం కేసులో బాధితురాలి "నడవడి"ని ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి సాక్ష్య చట్టంలోనే 155(4) అనే నిబంధన ఉండేది. దాన్ని తీసేయించడానికి 2002 సవరణ దాకా పట్టింది. అంటే అప్పటిదాకా ఈ రకం తారుమారుకు చట్టమే దారి వేసిపెట్టింది.

రెండో రూపం కాలహరణం. 1992లో రాజస్థాన్‌లోని భటేరీలో సాథిన్‌గా పనిచేస్తూ, బాల్యవివాహాన్ని ఆపే ప్రయత్నం చేసినందుకు భన్వరీదేవి అత్యాచారానికి గురైంది. ఆమెకు వైద్యపరీక్ష జరిగింది 52 గంటల తర్వాత. ఒక ఊరు ఆసుపత్రి నుంచి ఇంకో ఊరికి, అక్కడ మేజిస్ట్రేటు ఆర్డరు కావాలని మరోచోటికి తిప్పారు. ఎవరూ ఏ కాగితాన్నీ చింపలేదు. గడియారమే ఆ పని చేసిపెట్టింది. 1995లో కింది కోర్టు ముద్దాయిల మీద అత్యాచార నేరాన్ని కొట్టేసింది.

మూడో రూపం అచ్చంగా ధ్వంసం. 2007లో విజయవాడలో ఒక ఫార్మసీ విద్యార్థిని హాస్టల్లో హత్యకు గురైంది. (ఆమె పేరు అందరికీ తెలుసు. అయినా ఇక్కడ రాయడం లేదు.) ఒక పేద యువకుణ్ణి పట్టుకుని శిక్ష వేయించారు. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి వదిలేసింది. మరి చంపింది ఎవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించేనాటికి విజయవాడ కోర్టులో భద్రంగా ఉండాల్సిన ఆ కేసు సాక్ష్యాలు ధ్వంసమైపోయి ఉన్నాయి. చూడండి, ఈ వాక్యం రాస్తున్నప్పుడు నా కలం కూడా "ధ్వంసమైపోయి ఉన్నాయి" అనే రాసింది. ఎవరు, ఎవరి ఆర్డరు మీద, ఎందుకు అన్న మాటలు చేరేదాకా ఆ వాక్యం అసంపూర్ణమే.

నాలుగో రూపం మనకు రోజూ ఎదురయ్యేది. స్టేషనులో కూర్చున్న ఆడమనిషి తన మాటలో "నన్ను పాడుచేశాడు" అంటుంది. రైటరు "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తాడు. ఈ రెంటి మధ్య దూరం ఎంత? కొత్త న్యాయ సంహితలో 64వ సెక్షనుకీ 74వ సెక్షనుకీ ఉన్నంత. మొదటిది అత్యాచారం, కనీస శిక్ష పదేళ్లు. రెండోది కనీసం ఏడాది, గరిష్ఠం ఐదేళ్లు. ఒక్క క్రియాపదం మారింది, అంతే. ఆమెకు చదువు రాకపోతే వేలిముద్ర వేసి ఇంటికి వెళ్లిపోతుంది. ఆర్నెల్ల తర్వాత కోర్టులో నిజం చెబితే "అప్పుడు చెప్పలేదేం?" అని ఆమెనే బోనులో నిలదీస్తారు.

ఐదో రూపానికి మనవాళ్లు పెట్టిన మర్యాదైన పేరు రాజీ. పెద్దమనుషులు కూర్చుంటారు. ఆడపిల్ల భవిష్యత్తు అంటారు, ఊరి పరువు అంటారు, ఇంత ఇప్పిస్తాం అంటారు, లేదా వాడికే ఇచ్చి పెళ్లి చేసేద్దాం అంటారు. ఆ తర్వాత కోర్టులో అమ్మాయి నాకేమీ తెలియదంటుంది. రికార్డులో "సాక్షి ఎదురుతిరిగింది" అని నమోదవుతుంది. ఈ మాట కూడా గమనించండి. ఆమె తిరిగిందా, ఆమెను తిప్పారా? తిప్పినవాళ్ల పేర్లు ఆ రికార్డులో ఎక్కడా ఉండవు. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో సాక్షులు మాట మార్చారు. ఆ కేసును 2004లో సుప్రీంకోర్టు మహారాష్ట్రలో మళ్లీ విచారించమంది. సాక్షికి భయం లేకుండా చేయడం ప్రభుత్వ బాధ్యత అని గట్టిగా చెప్పింది కూడా. కానీ 2006లో మాట మార్చినందుకు ఏడాది జైలుశిక్ష పడింది మాత్రం ఆ ప్రధాన సాక్షికే. అత్యాచార కేసుల్లో రాజీకి, మధ్యవర్తిత్వానికి ఏ పరిస్థితిలోనూ తావు లేదని సుప్రీంకోర్టు 2015లో మదన్‌లాల్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు సంగతి మన ఊరి రచ్చబండకు ఇంకా చేరలేదు. చేర్చాల్సింది మనమే.

ఇక చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలు అమల్లోకి వచ్చాయి. పాత నంబర్లు అలవాటైన మనకు కొంత గందరగోళం తప్పదు. పాత 201, నేరానికి సంబంధించిన సాక్ష్యాన్ని మాయం చేయడం, ఇప్పుడు న్యాయ సంహితలో 238. సాక్ష్యంగా పనికొచ్చే పత్రాన్నో, ఎలక్ట్రానిక్ రికార్డునో దాచడం, నాశనం చేయడం 241. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడం 232. ఒకరిని శిక్ష నుంచి తప్పించడానికి ప్రభుత్వోద్యోగి తప్పుడు రికార్డు రాయడం 256. అత్యాచారం వంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష వేసేది 199. ఈ సెక్షన్లు చాలావరకు అడిగేది ఒకటే: తెలిసి చేశాడా, ఏ ఉద్దేశంతో చేశాడు? "తారుమారైంది" అన్న పిటిషన్‌లో ఈ రెండింటికీ జవాబు లేదు. అందుకే అవి బుట్టదాఖలవుతున్నాయి.

టాంపరింగ్ అన్నమాట నేరుగా కనిపించేది బెయిలు షరతుల్లో. కేసు గురించి తెలిసినవాళ్లను ప్రలోభపెట్టకూడదు, బెదిరించకూడదు, సాక్ష్యాన్ని టాంపర్ చేయకూడదు అన్నది పాత 437(3)లో ఉండేది, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 480(3)లో ఉంది. ఇది మనం సరిగ్గా వాడుకోని ఆయుధం. బెయిలు మీద బయటికొచ్చినవాడు మేనమామను రాయబారం పంపాడంటే అది ఊరి పంచాయితీ విషయం కాదు, బెయిలు షరతు ఉల్లంఘన. ఎప్పుడు వచ్చారు, ఎవరు వచ్చారు, ఏమన్నారు అన్నది ఆ రాత్రే రాసిపెట్టుకుని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా బెయిలు రద్దు అడగొచ్చు. సాక్షికి ప్రాణభయముంటే 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టవచ్చు. దాని మీద నిర్ణయం తీసుకునే కమిటీకి జిల్లా జడ్జి అధ్యక్షత వహిస్తారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో చేరిన 15-ఎ సెక్షను బాధితులకూ సాక్షులకూ ప్రత్యేకంగా హక్కులిచ్చింది.

ఇంతవరకూ అవతలివాళ్ల చేతుల గురించి. ఇప్పుడు మాటను అదుపులో పెట్టుకోవాల్సిన చోట్ల గురించి కూడా చెప్పాలి.

జరిగిన ప్రతి తప్పూ తారుమారు కాదు. కూతురికి ఘోరం జరిగిన రాత్రి తల్లి ఏం చేస్తుంది? ముందు నీళ్లు పోస్తుంది. బట్టలు ఉతికేస్తుంది. మైల పోవాలనుకుంటుంది, నలుగురూ చూడకూడదనుకుంటుంది. పిల్ల వణుకుతోంటే ఆమెకు ఇంకేమీ తోచదు. ఆ తల్లిని "సాక్ష్యం తారుమారు చేసింది" అనడం క్రూరత్వం. ఆమెకు ఉద్దేశం లేదు, ఎవరినీ కాపాడాలని లేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పరీక్ష కిట్టు లేక నమూనాలు తీసుకోలేకపోయిన డాక్టరుదీ తారుమారు కాదు. అది ప్రభుత్వ నిర్లక్ష్యం, ఆ పేరుతోనే నిలదీయాలి. కిట్టు ఉండి, ఫోను వచ్చాక "అవసరం లేదు" అని రాసిన డాక్టరుది మాత్రం వేరే కథ. తెలియనితనం, నిర్లక్ష్యం, తారుమారు, ఈ మూడింటినీ మనం ఒకే గాటన కట్టేస్తే లాభపడేది మూడోవాడే. అందరూ తప్పుచేసినచోట ఎవరూ తప్పుచేయనట్టే అవుతుంది.

రెండోది ఇంకా కష్టమైన మాట. మన చేతులు కూడా మట్టిలోనే ఉంటాయి. బాధితురాలి తరఫున పిటిషను రాసేటప్పుడు "కేసు బలంగా ఉండాలి" అన్న ఆలోచన కొందరు కార్యకర్తలకు వస్తుంది. ఆమె ఒకడు అంటే ఇద్దరు అని రాయడం, చెంపమీద కొట్టాడంటే కర్రతో కొట్టాడని రాయడం, ఆమె చెప్పని కట్నం లెక్కను చేర్చడం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆమె మాటను ఆమె అనుమతి లేకుండా మార్చడం అంటే స్టేషను రైటరు చేసిన పనినే ఎదురు దిక్కు నుంచి చేయడం. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది అక్కడే. ఒక్క అబద్ధం పట్టుబడితే ఆమె చెప్పిన తొంభైతొమ్మిది నిజాలూ నీళ్లలో కలుస్తాయి. ఆడవాళ్ల మాటను నమ్మండి అని మనం సమాజాన్ని అడుగుతున్నాం. ఆ మాట ఉన్నది ఉన్నట్టుగా చాలునని ముందు మనం నమ్మాలి.

అందుకని కొన్ని పనులు ప్రతి సంఘమూ అలవాటు చేసుకోవాలని నా విజ్ఞప్తి.

ఆమె మాటను ఆమె యాసలోనే, ఆమె వాడిన పదాలతోనే రాయండి. సంతకానికి ముందు గట్టిగా చదివి వినిపించండి. స్టేషనులో కూడా చదివి వినిపించమని అడగండి, "పాడుచేశాడు" అన్నమాట "అసభ్యంగా" అయితే వేలిముద్ర వేయనివ్వకండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు డబ్బు కట్టకుండా ఇవ్వాలన్నది 173(2) ఇచ్చిన హక్కు. స్టేషనులో నమోదు చేయకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. ఆమె బట్టలు ఉతకకుండా, ఆరనిచ్చి, కాగితపు కవరులో పెట్టించండి, ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పట్టి పాడవుతాయి. రెండువేళ్ల పరీక్ష చేశారని తెలిస్తే ఊరుకోకండి, అది చేసినవాళ్లది దుష్ప్రవర్తన అని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. బెదిరింపు ఫోనులో రికార్డయితే దాన్ని కత్తిరించి పదిమందికి పంపకండి. అసలు రికార్డు ఉన్న ఆ ఫోనునే జాగ్రత్త చేయండి, కోర్టులో దానికి సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి.

నివేదిక రాసేటప్పుడు "తారుమారు" అన్నమాట కలం కిందికి రాగానే ఒక్క క్షణం ఆగి ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఆ వస్తువు, ఆ కాగితం, ఆ మాట మొదట ఏ స్థితిలో ఉంది? అది ఎవరి అధీనంలో ఉంది? ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు? మారినందువల్ల ఎవరు బయటపడ్డారు? ఐదింటికీ జవాబు దొరక్కపోవచ్చు. దొరికినంతవరకు రాయండి, దొరకనిదాన్ని "దర్యాప్తు చేయాలి" అని అడగండి. అధికారి ఆ కాగితాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేడు.

పితృస్వామ్యం చేసే పనులన్నీ తుఫాను వచ్చినట్టు, కరువు వచ్చినట్టు, ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగిపోయినట్టుగా చెప్పడం దానికి అలవాటు. ఆ అలవాటు మన కలాల్లోకి కూడా ఎక్కింది. ఈ సంచిక నుంచి మా పత్రికలో ఒక నియమం పెట్టుకుంటున్నాం. "తారుమారైంది" అన్న వాక్యాన్ని కర్త లేకుండా అచ్చు వేయం. కర్త ఎవరో ఇంకా తేలకపోతే ఆ సంగతే రాస్తాం, తేలేదాకా ప్రతి సంచికలోనూ అడుగుతూనే ఉంటాం.